తాలు రంగు

కళ్లంలో మిరపకాయల రాశి ముందు కూర్చున్నాను. ఎర్రవి ఒక పక్కకు, తెల్లబారిన తాలుకాయలు ఒక పక్కకు వేస్తున్నాను. పొద్దున్నుంచి ఇదే పని. ఎదురుగా కూర్చుని ఏరుతున్న కోసి అనే ఆమెకు కూలి ఇస్తారు. నేను ఇంటిదాన్ని కాబట్టి నాకు ఎవరూ ఇవ్వరు. "రంగు జూసి ఏరుడంటే నీ తర్వాతనే ఎవలైనా" అని మా అత్త తిరుపతమ్మ మెచ్చుకుంటుంది. అదే నోటితో, నేను చీర ఎంచుకుంటే "నీకు రంగులేం దెలుస్తయే" అంటుంది. ఇందులో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయిన వారం కోంటా బజారులో రంగు పెన్సిళ్లు ఎందుకు కొన్నానో కూడా తెలియదు. కొట్టతను రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకదాని కొన గట్టిది, గీత సన్నగా పడుతుంది. రెండోది మెత్తనిది, వెన్న రాసినట్టు సాగుతుంది. పాత పేపరు మీద గీసి చూశాను. ఎరుపులోనే ఎన్ని ఎరుపులు! ఏది తీసుకోవాలో తోచక నిలబడిపోయాను. ఇంట్లో ఎప్పుడైనా నన్ను అడిగి ఏదైనా కొని ఉంటే ఎంచుకోవడం అలవాటయ్యేదేమో. "బచ్చీ కే లియే?" పాప కోసమా అన్నాడతను. "హా" అనేశాను. మా పిల్లలు కాలేజీకి వెళ్తున్నారు. అలా ఎందుకన్నానో! మెత్తనివే తీసుకున్నాను.

మొన్న మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక అట్టముక్క మీద ఒక తాలుకాయ గీశాను. తెల్లగా ఉందనుకున్న కాయ తెల్లగా లేదు. అడుగున లేత పసుపు, పైన గులాబీ, అంచున కాస్త గోధుమరంగు. నొక్కకుండా ఒకదాని మీద ఒకటి రుద్దుతుంటే కాయ పొట్ట పైకి లేచింది. నాకు ఏడుపొచ్చింది. అది సంతోషమేనా? తొడిమ ఇంకా గీయలేదు, ఈలోగా చాయ్ పెట్టమని అత్త పిలిచింది.

నిన్న మా ఆయన వెంకటనారాయణకు ఆ డబ్బా కనబడింది. "ఏందివి? ఎవలికి?" అన్నాడు. మళ్లీ అదే అబద్ధం నోట్లోంచి ఊడిపడింది. "పక్కింటి పూనంకు." ఆయన సంబరపడిపోయాడు. "మంచిపని జేసినవ్" అంటూ తనే వెళ్లి ఆ పిల్ల చేతికి ఇచ్చొచ్చాడు. నేను వాకిట్లో నవ్వుతూ నిలబడ్డాను.

అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఇచ్చినదాన్ని చిన్నపిల్ల దగ్గర ఎవరైనా తిరిగి అడుగుతారా? తప్పు ఆయనదా, నాదా? ఆ కాయకు తొడిమ లేకపోతే ఏం కొంపలు మునిగాయి? ఇలా అనుకుంటూనే చేతిలోని తాలుకాయ తొడిమను తిప్పి తిప్పి చూస్తున్నాను. ఆ ఆకుపచ్చ ఎండి ఏ రంగుకు వచ్చిందో చెప్పలేకపోతున్నాను. గీస్తేగానీ తెలియదు.

లేచి, చేతుల కారం కొంగుకు తుడుచుకున్నాను.

"యాడికే? రాశి గట్లనే ఉన్నది" అంది అత్త.

"పూనం వాళ్లింటికి అత్తా. ఆ పెన్సిళ్లు దానికని కొనలే, నాకు కొనుక్కున్న. దానికి వేరేవి తెచ్చిస్త."

"నీకా? నీకెందుకే?"

"ఎందుకో తెల్వదు. నాకు గావాలె."