కుక్క లేని డబ్బా

మా అమ్మ ఒక బట్టల దుకాణంలో అద్దాల షోకేసు సర్దేది. బొమ్మలకు బట్టలు తొడిగి, చేతులు వంచి, పక్కన పూలకుండీలు పెట్టి, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేలా చేయడం ఆమె పని. ఆ పనిలో అమ్మకు వంక పెట్టడానికి లేదు. కానీ ఖాళీ జాగా కనిపిస్తే చాలు, ఆమె చేతులు ఊరుకోవు. మా ఇంట్లో టీవీ మీదా, కిటికీ గట్టు మీదా, ఆఖరికి ఫ్రిజ్ నెత్తిన కూడా ఏదో ఒకటి కొలువుతీరి ఉండేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్నేళ్ళయినా ఆ కుక్క గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నాలుగో తరగతిలో నేను చదవడంలో వెనకబడ్డాను. అక్షరాలన్నీ వచ్చు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు ఏమిటో మర్చిపోయేదాన్ని. అన్నయ్య నన్ను నత్త అని పిలిచేవాడు. రోజూ మూడో పీరియడ్‌లో టీచర్ పిలవగానే నేను అందరి ముందూ లేచి, మెట్ల కింద ఉన్న చిన్న గదికి పోవాలి. చీపుళ్ళు, చిరిగిన పటాలు పెట్టే గది అది. నాలాంటివాళ్ళకు అక్కడ వేరే పాఠం. నేను బెంచీల మధ్య నుంచి నడుస్తుంటే వెనక ముసిముసి నవ్వులు. ఆ నడక ఒక్కటి తప్పితే చాలు, నాకింకేమీ అక్కర్లేదనిపించేది.

అప్పుడు టీచర్ పుస్తకాల ప్రాజెక్టు పెట్టారు. వ్యాసం రాయక్కర్లేదు. కథల పుస్తకం ఒకటి చదివి, అందులో బాగా నచ్చిన చోటును బూట్ల డబ్బాలో బొమ్మగా కట్టి తేవాలి. నన్ను పక్కకు పిలిచి, "పుస్తకం మొత్తం నువ్వొక్కదానివే చదివి చూపించు. ఇక చిన్న గదికి పంపను," అన్నారు.

నేను తీసుకున్న పుస్తకంలో గడియారాలు బాగుచేసే తాత ఒకడు, ఆయనకో కుక్క. తాత ఒకరోజు ఏదో చిరాకులో దాన్ని కసురుకుంటాడు. అది అలిగి వెళ్ళిపోతుంది. ఆయన ఊరంతా వెతుకుతాడు. రోజూ వంటింటి గుమ్మంలో కూర్చుని, గీత కింద వేలు పెట్టి, పైకే చదివాను. అమ్మ గిన్నెలు కడుక్కుంటూ "ఊఁ... ఊఁ" అనేది. ఆఖరి పేజీ అయిన రోజు ఇల్లంతా గంతులేశాను. అన్నయ్య కూడా నత్త అనకుండా, "పర్లేదే, సాధించావ్," అన్నాడు.

డబ్బాలో తాత గది కట్టాను. అగ్గిపుల్లల కుర్చీ. బార్లా తెరిచిన తలుపు. మేకుకు కుక్క తాడు. సీసామూత గిన్నె నిండా పాలు, ఎవరూ ముట్టనివి. అంతే. కుక్కా లేదు, తాతా లేడు. కుక్క వెళ్ళిపోయింది, తాత వెతకడానికి పోయాడు. ఆ పేజీ దగ్గరే నాకు ఏడుపొచ్చింది, అందుకే ఆ పేజీ.

అన్నయ్య తొంగిచూసి, "ఏంటే ఇది, ఇల్లు అద్దెకిస్తున్నారా?" అన్నాడు.

"కుక్క వెళ్ళిపోయింది కదా అన్నయ్యా! అదే కథ!"

అమ్మ తల పక్కకు వంచి చూసింది. "మరీ బోసిగా ఉందేమోనే."

"ఉండనీ అమ్మా. అలాగే ఉండాలి. నువ్వేం పెట్టకు."

"సరే తల్లీ, నీ ఇష్టం."

ఆ మాట నమ్మాను. అమ్మ మాట నమ్మక ఎవరి మాట నమ్ముతాం?

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి డబ్బాను గుడ్డతో మూటకట్టి ఉంచింది. "దారిలో విప్పకు, దుమ్ము పడుతుంది," అంది.

క్లాసులో డబ్బాలన్నీ గుడ్డ కిందే ఉన్నాయి. ఎవరి వంతు వస్తే వాళ్ళది టీచర్ విప్పుతారు. ముందు అందరూ చూడాలి, తర్వాత ప్రశ్నలు అడగాలి. అడిగేదాకా కట్టినవాళ్ళు నోరు విప్పకూడదు. "డబ్బా మాట్లాడాలి, మీరు కాదు," అనేవారు టీచర్. గది వెనక అమ్మానాన్నలు నిలబడ్డారు. మా అమ్మ కూడా దుకాణంలో గంటసేపు సెలవు అడిగి వచ్చింది.

టీచర్ నా గుడ్డ తీశారు. "అబ్బ!" అంది క్లాసంతా.

పాలగిన్నె పక్కన కుక్క కూర్చుని ఉంది. గోధుమరంగు బొచ్చు, పూసల కళ్ళు, మెడలో ఎర్ర రిబ్బను. అచ్చం బతికున్నట్టే ఉంది, దాని దుంపతెగ. చప్పట్లు మోగాయి. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ మొహం వెలిగిపోతోంది.

కళ్ళజోడు పిల్ల ఒకతి చెయ్యెత్తింది. ఆ పుస్తకం ఆమె ముందే చదివింది. "టీచర్, తాత తాడు మేకుకు తగిలించేది కుక్క వెళ్ళిపోయాకే. ఇక్కడ కుక్క ఎలా ఉంటుంది? ఈమె చదవలేదు టీచర్."

చప్పట్లు ఆగిపోయాయి.

"కుక్కను ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగారు టీచర్.

"నేను పెట్టలేదు టీచర్. మా అమ్మ పెట్టింది."

అందరూ అమ్మవైపు తిరిగారు. ఒక్క ముక్క చెబితే అయిపోయేది. అమ్మ అటూ ఇటూ చూసింది, పక్కనున్నవాళ్ళను చూసింది, నవ్వింది.

"అయ్యో, నేనెందుకు పెడతానండీ! అంతా తనే చేసుకుంది. చదివిందండీ పాపం, మర్చిపోయినట్టుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ పేజీ చదువుతాను టీచర్, ఇప్పుడే చదువుతాను," అని పుస్తకం లాక్కున్నాను. కళ్ళల్లో నీళ్ళు నిండి అక్షరాలు అలుక్కుపోయాయి. మొదటి వాక్యం సగంలోనే ఆగిపోయాను. ఎవరో కిసుక్కున నవ్వారు.

"పోనీలే," అన్నారు టీచర్ మెల్లగా. "వచ్చే ఏడాది చూద్దాం."

డబ్బాను మాత్రం అందరికీ కనబడేలా ముందు వరసలో పెట్టారు. మూడో పీరియడ్ గంట కొట్టగానే నేను లేచి చిన్న గదికి పోయాను.

సాయంత్రం అమ్మ దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విడిచి, నా పక్కన కూర్చుంది.

"కోపమొచ్చిందా? నలుగురిలో నీది వెలవెలబోతుందని పెట్టానే. అందరి ముందూ అలా నిలదీస్తే నాకేం తోచలేదు."

"నువ్వేం పెట్టకు అన్నాను కదా."

"అన్నావులే." గొంతు తగ్గించి, "నిజం చెప్పు, నేనేమీ అనను. ఆ పుస్తకం మొత్తం చదివావా, సగంలో ఆపేశావా?" అంది.

నేను అమ్మ మొహంలోకి చూశాను. వెక్కిరింపు లేదు, కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. రోజూ గుమ్మంలో నేను పైకే చదువుతుంటే ఊఁ కొట్టింది ఈ అమ్మే.

"చదవలేదు," అన్నాను.

"అనుకున్నాను," అంది అమ్మ. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి, నన్ను దగ్గరకు తీసుకుని తల నిమిరింది.