సగం మాత్ర

లింగవ్వకు కోపం రాక చస్తుందా? ఆస్పత్రి బెంచీ మీద తను కూర్చునుంటే, తన గుండె సంగతి, తన నిద్ర సంగతి డాక్టరమ్మకు మొగుడు కొండల్ చెబుతున్నాడు. పెద్దపల్లి పక్క ఊళ్ల నుంచి కరీంనగర్ ఆస్పత్రికి వచ్చే ఆడవాళ్లందరిదీ అదే తంతు. రోగం ఆమెది, నోరు ఆయనది.

అంతకుముందు రెండేళ్లు లింగవ్వ మనిషిలో మనిషి కాదు. మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, ఎండాకాలంలో కూడా గొంగడి కప్పుకొని మూలన పడి ఉండేది. అత్త ఐలవ్వ అది ఒట్టి బద్ధకమంది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదని కనిపెట్టింది డాక్టరమ్మే. రోజూ పొద్దున ఒక మాత్ర, బతికినన్నాళ్లూ వేసుకోవాలంది. మందు ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, చిక్కిపోవడం, ఊరికే చిరాకు వస్తాయని, కనిపెట్టి చూడమని కొండల్‌కు అప్పజెప్పింది. ఆ మహానుభావుడికి చివరిదొక్కటే గుర్తుంది.

మాత్రలతో లింగవ్వ లేచింది. లేచి చూస్తే ఇంట్లో ఏముంది? పదకొండేళ్ల బిడ్డ అనసూర్యను బడి మాన్పించారు. ధర్మపురిలో ఐలవ్వ వాళ్లన్న మనుమడికి ఇస్తామని కల్లు తాగి ఖాయం చేసుకున్నారు. ఎవరినడిగి చేశారంటే, నిన్నే అడిగాం, తలూపావు అన్నారు. ఆ మొద్దునిద్రలో తను దేనికి తలూపలేదు గనక! ఆ రోజు నుంచి లింగవ్వ ఇల్లు పీకి పందిరేసింది.

అందుకే కొండల్ ఇవాళ చేతులు కట్టుకుని డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. దడ ఉందన్నాడు, నిద్ర లేదన్నాడు. అన్నీ అబద్ధాలే. లింగవ్వ నోరు తెరవబోతే, "చూసిన్రా అమ్మా, గిట్లనే మీద పడ్తది" అన్నాడు. బయట వరస పెద్దగా ఉంది. డాక్టరమ్మ నాడి కూడా చూడకుండా సగం మాత్ర చాలంది.

నెల తిరిగేసరికి చలి మళ్లీ కాళ్లలోంచి పాకింది. మాట మందగించింది, మొహం ఉబ్బింది. లింగవ్వ హడలిపోయింది. లగ్నం పెట్టుకోవడానికి ధర్మపురి వాళ్లు వచ్చే వారం వస్తున్నారు. మళ్లీ అడుగుతారు. మళ్లీ తలూపితే?

ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బస్సెక్కింది. ఈసారి డాక్టరమ్మ నాడి చూసింది. మడమ వెనక చిన్న సుత్తితో కొడితే పాదం కదిలి, తీరిగ్గా వెనక్కి వచ్చింది. మందు చాలడం లేదనడానికి గుర్తది. దడ ఎన్నడైనా ఉండేదా అని అడిగింది.

"లేకుండె. నన్నెప్పుడడిగినవమ్మా?"

డాక్టరమ్మ తలదించుకుంది. తప్పు తనదేనని ఒప్పుకొని, నిండు మాత్రే వేసుకోమంది. కానీ అది ఒంటికి పట్టడానికి వారాలు పడుతుందని కూడా చెప్పింది.

ధర్మపురి వాళ్లు వచ్చినరోజు లింగవ్వ గోడకానుకుని గొంగడిలో కూర్చుంది. రెప్పలు వాలిపోతున్నాయి. మర్యాద కోసం ఐలవ్వ వాళ్లన్న, పిల్ల తల్లి మాట కూడా కావాలన్నాడు. కొండల్ మీసం తిప్పుకుని, మందు సగం చేయించానని, ఇప్పుడు ఏ లొల్లీ లేదని గొప్పగా చెప్పాడు. అందరూ ఆమె తల వైపే చూశారు.

సిగ్గూ శరం లేని మనుషులు! లింగవ్వ గోడ పట్టుకుని లేచింది. బొంగురు గొంతుతో, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది.

"నా బిడ్డనియ్య. బడికి తోలుత."

కొండల్ ఉలిక్కిపడి, మందు మళ్లీ ఎక్కువైనట్టుందని వచ్చినవాళ్లకు సర్దిచెప్పబోయాడు. ఉబ్బిన ఆమె మొహం చూస్తూ ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఐలవ్వ వాళ్లన్న లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

లింగవ్వ మొగుడి వైపు తిరిగింది.

"సగం మందు మీదనే గింత కోపముంది. మొన్నటిసంది నిండు మాత్ర ఏసుకుంటున్న. జర ఆగు, ఒంటికి పట్టనీ."