మేడమ్ పెదవి విప్పలేదు

పొగ తగిలితే తేనెటీగలు పూల వాసన పసిగట్టలేవని పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి ప్రయోగంలో తేలింది. సంతోషించాల్సింది పోయి ఆమె గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే, పొగ వల్ల ఈగలకు ఏమీ కాదని చాలా ఏళ్ల క్రితం రాసింది, వేరే దేశం నుంచి వారం వారం వీడియోలో తనకు పని నేర్పుతున్న మేడమే.

కొన్నాళ్లు నీళ్లు నమిలి, చివరికి చెప్పేసింది. ఆవిడ ఫలితాలన్నీ మళ్లీ మళ్లీ చూసి పకపకా నవ్వారు.

“అయితే తప్పు నాదేనమ్మా! సదస్సులో నువ్వే చెప్పు. నేను ముందు వరసలో కూర్చుంటా.”

అన్నట్టే వచ్చి కూర్చున్నారు. ప్రసంగం అయ్యాక ఒక పెద్దాయన లేచి, “పొగ వల్ల కాదు, మీరు పొగ పెట్టిన పెట్టెలో వేడికే ఈగలు తడబడ్డాయేమో?” అని గద్దించినట్టు అడిగాడు. అమ్మాయి దిక్కుతోచక మేడమ్ వైపు చూసింది. ఆవిడ పెదవి విప్పలేదు. కానియ్యమన్నట్టు తల మాత్రం ఊపారు.

“పొగ లేకుండా ఉత్త వేడితో కూడా చూశామండీ. అప్పుడు తిన్నగా పువ్వు మీదకే వెళ్లాయి,” అంది అమ్మాయి.

పెద్దాయన తల పంకించి కూర్చున్నాడు.

బయటికొచ్చాక, “నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క మాట సాయం చెయ్యకూడదా మేడమ్?” అంది.

“చేస్తే ఇకమీదట అందరూ నన్నే అడుగుతారు. పని చేసింది నువ్వు కదా!”

అమ్మాయికి కళ్లు చెమర్చాయి. థాంక్స్ చెబుతూ ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఈలోగా ఎవరెవరో అమ్మాయిని ప్రశ్నలతో చుట్టుముట్టారు. మేడమ్ నవ్వుతూ పక్కకు జరిగి దారిచ్చారు.