మొదట చచ్చిపోయే అమ్మాయి

హంసిక, వాళ్ళమ్మ శాంతి శుక్రవారం సాయంత్రాలు కలిసి కూర్చుని స్లాషర్ సినిమాలు చూసేవారు. ముసుగు వేసుకున్నవాడు కత్తి పట్టుకుని కుర్రకారును వేటాడే సినిమా ఏదైనా సరే, శాంతికి మొదటి భాగం కన్నా తర్వాతి భాగాలే ఇష్టం.

"మొదటిదాంట్లో వాడెవడో తెలీదు, అందుకని భయం. తర్వాతవాటిలో తెలుసు. చచ్చినవాడు మళ్ళీ లేస్తాడని తెలిసి కూడా ఎదురుచూస్తాం చూడు, అదే మజా" అనేది, ఒళ్ళో మరమరాల గిన్నె పెట్టుకుని.

అందుకే వేదాంత్ తను తీయబోయే చిన్న స్లాషర్ సినిమాలో హంసికకు వేషం ఇస్తానన్నప్పుడు కూతురికన్నా తల్లే ఎక్కువ సంబరపడింది. వేదాంత్ శాంతికి తెలిసిన ఉమామహేశ్వరి కొడుకు. అమెరికాలో వీళ్ళుండే క్యారీ ఊరే వాళ్ళదీ. పిల్లలిద్దరూ ఒక స్కూల్లోనే చదివారు. ఊరి బయట పైన్ చెట్ల మధ్య షూటింగ్ జరిగినన్నాళ్ళూ శాంతి యూనిట్ మొత్తానికి పులిహోర చేసి పంపింది. వెల్డింగ్ మాస్క్ వేసుకున్న హంతకుడి చేతిలో అందరికన్నా ముందు చచ్చిపోయే అమ్మాయి వేషం హంసికది.

సినిమా వేసిన రోజున తెలిసింది. చచ్చేముందు ఆ అమ్మాయి బతిమాలుకునే మాటలు హంసిక గొంతులో లేవు. వేదాంత్ ఇంకెవరి చేతో డబ్బింగ్ చెప్పించాడు. ప్రతి అక్షరాన్నీ నొక్కి పలుకుతూ, "ప్లీజ్ సర్, ఐ యామ్ హావింగ్ ఫ్యామిలీ" అని. హాలంతా పగలబడి నవ్వింది. పక్క సీట్లో శాంతి నవ్వలేదు. ఆ పలుకు తనదేనని ఆమెకు మొదటి ముక్కలోనే అర్థమైంది.

హంసిక నిలదీస్తే, అది జస్ట్ కామెడీ అని, లైట్ తీసుకోమని అన్నాడు వేదాంత్. ఆ యాస ఎవరిదని గట్టిగా అడిగాక ఒప్పుకున్నాడు. వేదాంత్‌కు తెలుగు అంతంతమాత్రమని, భోజనాలు ఎప్పుడు పంపాలో అడగడానికి శాంతి ఇంగ్లీషులో ఒక వాయిస్‌మెయిల్ వదిలింది. దాన్నే డబ్బింగ్ అమ్మాయికి వినిపించి, ఇలా మాట్లాడమన్నాడు.

ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. శాంతి పనిచేసే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఒకతను, వెనకాల ఆమె ఉందని చూసుకోకుండా, కాఫీ మెషీన్ దగ్గర ఆ మాట అచ్చం అలాగే అని నవ్వించాడు. ఆ తర్వాత ఆమె మీటింగుల్లో నోరు విప్పడం మానేసింది. చెప్పాల్సింది ఈమెయిల్‌లో రాసేది. ఇంట్లో శుక్రవారం సినిమాలూ ఆగిపోయాయి. హంసిక వేదాంత్‌తో మాటలు మానేసింది, కోపాన్నీ చల్లారనివ్వలేదు.

సినిమా ఆడింది. రెండో భాగం వచ్చింది. మూడోదాంట్లో ఆ మొదటి అమ్మాయిని తిరిగి తెమ్మని అభిమానులు పట్టుబట్టారు. వేదాంత్ ఏమీ జరగనట్టే ఫోన్ చేశాడు. హంసిక ఒప్పుకుంది. కాకపోతే ఈసారి హంతకుడి మాస్క్ వెనక ఉండేది ఆ అమ్మాయే అవాలి. మొదట చచ్చే పాత్ర వేదాంత్ వేయాలి. హంసిక ఉన్న సీన్లలో ఏ టేక్ ఉంచాలో, ఏ గొంతు వినిపించాలో హంసికే తేల్చాలి. ఇవన్నీ కాంట్రాక్టులో రాయించుకుంది. వేదాంత్‌కు అది అద్భుతమైన ఐడియాలా తోచింది.

ఫిబ్రవరి చలిలో, లేక్ ఒడ్డున తీశారు ఆ సీన్. హంసిక అతని కాలర్ పట్టుకుని బురదలోకి తోయాలి. తోసింది. స్క్రిప్టులో ఉన్నదానికన్నా కాస్త ఎక్కువసేపు అదిమి పట్టుకుంది. తల పైకి రాగానే వేదాంత్ తన డైలాగు మరిచిపోయాడు. "అమ్మా! అమ్మా, వద్దు!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కట్ చెప్పాక వణుకుతూ లేచాడు. "ఆ టేక్ వాడకు, ప్లీజ్. మా అమ్మ చూస్తుంది."

హంసిక మాస్క్ పైకెత్తింది. "మా అమ్మ కూడా చూసింది."

ఆ టేకే ఉంచింది.

విడుదల రోజు హాలు నిండిపోయింది. మాస్క్ తీసిన ముఖం కనబడగానే ఈలలు, చప్పట్లు. వేదాంత్ ఏడుపుకు జనం విరగబడి నవ్వారు. శాంతి నవ్వలేదు గానీ, సీటు అంచుకు జరిగి, రెప్ప వేయకుండా చూసింది. అది చూసి కూతురికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

లాబీలో ఉమామహేశ్వరి ఎదురొచ్చి హంసిక చేతులు పట్టుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "మావాడు ఎంత బాగా చేశాడో చూశావా హంసికా? నిజంగా నన్నే పిలిచినట్టుంది."

ఆమె వెనక వేదాంత్ బిగుసుకుపోయి నిలబడ్డాడు. నిజం హంసిక నాలుక చివరిదాకా వచ్చింది. "అవునాంటీ, చాలా బాగా చేశాడు" అని ఊరుకుంది. జాలిపడి కాదు. ఎప్పుడు చెప్పేస్తుందోనని అతను భయపడుతూ బతకాలని.

ఆ ఆదివారం హంసిక వాళ్ళింటికి వేదాంత్ వచ్చాడు. శాంతి తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. అతను గుమ్మంలోనే నిలబడి, సారీ ఆంటీ, అంత హర్ట్ అవుతారని అనుకోలేదు అంటూ చాలాసేపు మాట్లాడాడు. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది.

"అలా ఎందుకు అరిచావో మీ అమ్మకి చెప్పావా?" అని అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"చెప్పు. అసలు నా కూతురు నిన్నెందుకు అలా తొక్కిపట్టిందో అది కూడా చెప్పు. ఫోన్లో నా మెసేజ్ ఇంకా ఉంటే అదీ వినిపించు. ఆవిడ ఏమంటుందో విని అప్పుడు రా. మనం మాట్లాడుకుందాం."

శాంతి తలుపు వేసేసింది. కిటికీలోంచి హంసిక చూస్తూనే ఉంది. అతను కార్లో కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని, ఎవరికీ చేయకుండానే వెళ్ళిపోయాడు.

నాలుగో భాగం మొదలవుతోంది. హంసిక సంతకం పెట్టింది. వేదాంత్ మాత్రం ఆ గుమ్మానికి ఇంతవరకు మళ్ళీ రాలేదు.