గుట్టకింది గూడెం కార్డు

గుండయ్యకు నేనంటే గిట్టదు. నాకు గుండయ్యంటే అంతకన్నా గిట్టదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, తర్వాత జరిగిందంతా దీంట్లోంచే పుట్టింది కాబట్టి.

నా పేరు ఎల్లస్వామి. హనుమకొండలో తెలుగు పండితుణ్ణి. డెబ్బై ఆరులో మేము కొందరం కలిసి జిల్లాలోని ఊళ్ల పేర్లన్నిటికీ ఒక నిఘంటువు తలపెట్టాం. సర్కారు పని కాదు, ఎవరూ చేయమనలేదు. బడిపంతుళ్లు, పోస్టుమాన్లు, పట్వారీలు, బస్సు కండక్టర్లు తమకు తెలిసిన ఊరి పేరు కార్డు మీద రాసి పంపేవాళ్లు. కార్డుకు మూడు వరుసలు. పైన తెలుగు, దాని కింద ఉర్దూ, ఆ కింద ఇంగ్లీషు. ఆదివారం పొద్దున లైబ్రరీ వెనక గదిలో కూర్చుని వాటిని సరిచూసేవాళ్లం. తప్పని తోస్తే ఎవరైనా కొట్టేయవచ్చు, కాని సంతకం పెట్టాలి. ఇద్దరికి కుదరకపోతే ఆ ఊరికే పోయి, జనాన్ని అడిగి, కాగితం మీద వేలిముద్రలు తేవాలి. వాళ్లన్నదే ఖాయం. ఈ నియమం పెట్టింది నేనే. దాన్ని తలుచుకుని అప్పట్లో ఎంత మురిసిపోయానో!

గుండయ్య రిటైరైన తహసీలు గుమాస్తా. నేతపని చేసే సాలోళ్ల ఇంట పుట్టినా చదువంతా ఉర్దూలోనే సాగింది. ఆయన తరానికి ఇక్కడ చదువంటే అదే. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఉర్దూ మాత్రం గడగడా చదివేవాడు. అలాంటి మనిషి నా కార్డుల మీద ఎర్రసిరా పెడితే నాకు ఒళ్లు మండేది.

గొడవ ధర్మసాగర్ అవతల నలభై గడపల పల్లె దగ్గర మొదలైంది. జనం దాన్ని గుట్టకింది గూడెం అంటారు. నేను అదే రాశాను. వారం తిరిగేసరికి గుండయ్య దాని పక్కన ఇనాయత్‌పూర్ అని చేర్చాడు. నేను కొట్టేశాను. ఆయన మళ్లీ రాశాడు. నేను మళ్లీ కొట్టేశాను. చోటు చాలక ఇంకో కార్డు గుచ్చాం, దాని మీద మరొకటి. నాలుగు నెలల్లో ఆ ఒక్క పల్లెకు పదకొండు కార్డులయ్యాయి. అన్నిటి మీదా మా ఇద్దరి సంతకాలే.

"గీ ఊరికి జనం కంటె కార్డులే ఎక్కువైతయ్ సార్" అని లైబ్రరీలో పనిచేసే సరోజన నవ్వేది. మాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఒక ఆదివారం అందరి ముందే ఆయన్ని నిలదీశాను. పెద్దవాడన్న మర్యాద కూడా ఉంచలేదు.

"నైజాం పోయి ముప్పై ఏండ్లు కావొచ్చె. ఇంకా గా పేర్లు మోసుడెందుకు గుండయ్యా?"

"పేరు నైజాందైతేంది, మా తాతదైతేంది? యాభైల కౌలు రిజిస్టరు నా చేతితోటి రాసిన పంతులూ. గా పల్లె కాగితాలన్ని ఇనాయత్‌పూర్ పేరు మీదనే ఉన్నయ్. కౌలు చేసేటోనికే భూమి అని సర్కారు చట్టం తెచ్చింది. రేపు కాగితంల పేరు, ఊరి పేరు కలువకపోతే ఆ జనం ఏంగావాలె?"

"కాగితాలు పెట్టెల ఉంటయ్. పేరు జనం నోట్ల ఉంటది."

"నోటిమాటకు సర్కారు కచేరిల ఇలువ లేదు. జర సమజ్ చేసుకో."

వాదంలో ఓడేవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను.

"నీకు తెలుగు సక్కగ రాదు. అందుకే గా ఉర్దూ పట్టుకోని ఏలాడుతాన్నవ్" అన్నాను.

గుండయ్య మొహం మాడిపోయింది. కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఊరికి నువ్వే పో. అడుగు. నేను రాను" అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గదిలో అడుగుపెట్టలేదు.

మరుసటి ఆదివారం నేనొక్కణ్ణే బస్సు దిగి, రెండు మైళ్లు నడిచి గూడెం చేరాను. భద్రమ్మ అనే ఆవిడ వాకిట్లో జనం కూడారు. భర్త యాకయ్య పోయి రెండేళ్లయింది. అత్తమామల నాటి నుంచి దొర దగ్గర కౌలుకు చేస్తున్న నాలుగెకరాల మెట్ట చెలకను ఆమె ఒక్కతే దున్నించుకుంటూ ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. నాకు చెంబెడు మజ్జిగ ఇచ్చింది.

"మీ ఊరి పేరేంది?" అని అడిగాను. అందరూ ఒక్క గొంతుతో గుట్టకింది గూడెం అన్నారు. "ఇనాయత్‌పూర్ అని ఎవలన్న అంటరా?" అంటే మొహమొహాలు చూసుకున్నారు. "గదేడిదో మాకెరుకలేదు సారూ" అన్నారు. అబద్ధం కాదు. ఆ పేరు తహసీలు కాగితాల్లో తప్ప ఎవరి నోటా పలకలేదు. వాళ్ల ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్న ఉర్దూ కాగితాలను చదివినవాళ్లు లేరు. కాగితంలో ఏముందని నేను అడగనూ లేదు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కాని గుండయ్య నోరు శాశ్వతంగా మూయించాలని నా కసి. కాగితం మీద నా అంతట నేనే ఒక వాక్యం కలిపాను: "మా ఊరికి ఇది తప్ప మరో పేరు లేదు, ఎన్నడూ లేదు." పైపైన చదివి వినిపించాను. మొదటి వేలిముద్ర భద్రమ్మదే.

"పట్నం పుస్తకంల మా ఊరు వస్తదా సారూ?" అని అడిగింది.

"వస్తది. నీ వల్లనే వస్తది" అన్నాను.

ఎనభైలో పుస్తకం అచ్చయింది. ఇనాయత్‌పూర్ అనే పేరు అందులో ఒక్కచోటే ఉంది, మరిపెడ దిక్కున ఆ పేరే ఉన్న వేరే ఊరికి. గుండయ్యకు ఒక ప్రతి పోస్టులో పంపాను. గౌరవంతో కాదు, ఏడిపించడానికే. అది అలాగే తిరిగొచ్చింది.

రెండేళ్ల తర్వాత నల్లకోటు వేసుకున్న వకీలొకాయన లైబ్రరీకి వచ్చాడు. పుస్తకాన్ని ఆకాశానికెత్తాడు. గూడెం వేలిముద్రల కాగితానికి నకలు కావాలన్నాడు. పొగిడితే పొంగిపోయే రకాన్ని కదా, నా చేత్తోనే నకలు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

మూడు వారాలకు గుండయ్య మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"చెలక తన పేరు మీదికి చెయ్యమని భద్రమ్మ అర్జీ పెట్టింది, మంగళవారం ఇచారణ. దొర తరఫు వకీలు నీ కాగితం పెట్టిండు. వచ్చి రెండు పేర్లది ఒక్కటే ఊరని చెప్పు. నిన్ను అడుగుడంటె నాకు సావుతోటి సమానం. గా ఆడిమనిషి కోసం అడుగుతాన్న."

జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయాడు.

మంగళవారం కచేరీకి వెళ్లాను. కిక్కిరిసిన గది. విచారణ చేసే ఆఫీసరుకు ఉర్దూ రాదు. వకీలు ఇంగ్లీషులో దంచుతున్నాడు. ఈమె కౌలు కాగితం ఇనాయత్‌పూర్‌ది, ఆ ఊరు మరిపెడ దిక్కున ఉంది, ఇదిగో పుస్తకం. ఈమె ఉండేది గుట్టకింది గూడెం, దానికి మరో పేరు ఎన్నడూ లేదు, ఇదిగో ఈమె వేలిముద్ర. ఇంకేం కావాలి?

గుండయ్య లేచి, తహసీలు నుంచి తెప్పించిన పాత రిజిస్టరు తెరిచాడు. కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ తూర్పున గుట్ట, పడమట వాగు, కౌలుదారుగా యాకయ్య తండ్రి పేరు, ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పాడు. "గీ రాత నాదే" అన్నాడు. వకీలు నవ్వాడు. ఈయన ఈ పేరు కోసం పండితుడితో కొట్లాడి ఓడిపోయినాయన అన్నాడు.

ఆఫీసరు నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు. "సంపాదకులు మీరే కదా. ఇవి రెండూ ఒకే ఊరా, వేరువేరా?"

ఒకే ఊరు అంటే చాలు. నాకు అప్పటికే తెలిసిపోయింది. గుట్ట అదే, వాగు అదే, కౌలుదారు ఆ యాకయ్య తండ్రే. గుండయ్య నా వైపే చూస్తున్నాడు. వెనక బెంచీలో మా నిఘంటువు మిత్రులిద్దరు కూర్చున్నారు. ఒకే ఊరంటే నేను కలిపిన వాక్యం అబద్ధమవుతుంది. పదకొండు కార్డుల మీదా గుండయ్యే గెలుస్తాడు. అదీ అంతమంది ముందు.

"జనం పిలిచే పేరు ఒక్కటేనండి. మా పుస్తకంలో ఉన్నది జనం మాట" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా జన్మలో అంత నీచమైన మాట మరొకటి ఆడలేదు. ఆఫీసరు తల ఊపి రాసుకున్నాడు. అర్జీ కొట్టేశాడు. నెలలోగా భూమి దొరకు అప్పగించాలన్నాడు.

వరండాలోకి వచ్చాను. గుండయ్య నన్ను దాటుకుని, గోడను దాటినట్టే దాటి మెట్ల వైపు నడిచాడు. తిట్టినా బాగుండేది. ఆ వెనకే భద్రమ్మ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నాకు చేతులు జోడించింది.

"మంచిగ చెప్పినవ్ సారూ. అందరు ఇంగిలీసుల మాట్లాడితె నువ్వొక్కనివే జనం మాట అన్నవ్. గది ఇన్న. ఇగ చెలక నా పేరు మీదికైతదా?"

"కాదు" అన్నాను.

"మల్లెప్పుడైతది?"

"ఇగ కాదు భద్రమ్మా. నా వల్లనే పోయింది. భూమి దొరకు ఇయ్యమన్నరు."

జోడించిన చేతులు దించడం మరిచిపోయి అలాగే నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"కంది కాయ పట్టింది సారూ. గీ ఒక్క పంటన్న కోసుకోనిస్తరా?"

నాకు తెలియదు. అలాంటివి తెలిసినవాడు గుండయ్య. ఆయన్ని పిలుద్దామని మెట్ల దగ్గరికి పరుగెత్తాను. ఆయన అప్పటికే రోడ్డెక్కి, బస్సు కోసం అటు తిరిగి నిలబడ్డాడు. గట్టిగానే పిలిచాను. వినిపించింది కూడా. తల తిప్పలేదు.