కిటికీ మీద లేని ధూళి

నేను ఒక బొలోమీటర్ని. పేరు పెద్దదే గానీ ఒళ్ళు నువ్వుగింజంత. రాగి ఉంగరం మధ్యలో, వెంట్రుక కన్నా సన్నని తీగల మీద వేలాడే జెర్మేనియం పలుకును. ఎంత దూరంలో ఉన్న వేడినైనా పసిగట్టడం నా పని. కానీ ముందు నన్ను ద్రవ హీలియంతో బాగా చల్లబరచాలి. అప్పుడు గానీ నాకు స్పర్శ రాదు. మామూలు గదిలో నేనూ గులకరాయీ ఒకటే.

నన్ను చేసినవాడు మస్తానయ్య. హైదరాబాద్ శివార్లలో, పెద్ద పెద్ద బెలూన్లకు టెలిస్కోపులు కట్టి పైకి పంపే పరిశోధన కేంద్రంలో మెకానిక్కు. నా తీగలు అతికించేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. నా ముందు ఒక చిన్న కిటికీ పెట్టాడు. గాజుది కాదు, పల్చటి పాలిథిన్ పొర. నాకు కావలసిన పరారుణ కిరణాలు గాజును దాటి రాలేవు. దాని మీద రవ్వంత ధూళి ఉన్నా ఆ వేడే నాకు తగులుతుంది కాబట్టి, ఆ పొరను తుడిచే పని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు.

నన్ను అడిగి చేయించుకున్నది హైమవతి. ఆ కేంద్రంలో కొత్తగా చేరిన శాస్త్రవేత్త. ఆమె పట్టుదలంతా దీర్ఘవృత్తాకార గెలాక్సీల మీద. అవి కోడిగుడ్డు ఆకారంలో ఉండే ముసలి గెలాక్సీలు. కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావలసిన ధూళి వాటిలో లేదని, ఊడ్చి పెట్టినట్టు ఉంటాయని అందరూ నమ్ముతున్న రోజులవి. ధూళి ఉంటే మాత్రం చుట్టూ ఉన్న నక్షత్రాల వల్ల రవ్వంత వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం నాకు తెలియాలి.

ఒక రాత్రి బెలూన్ కింద వేలాడుతూ ముప్ఫై కిలోమీటర్ల ఎత్తుకు చేరాక, హైమవతి కోరిన గెలాక్సీ వైపు టెలిస్కోపు తిరిగింది. నాకు తెలిసింది. నక్షత్రాల వేడి నాకు కొత్త కాదు, అది సూదిలా గుచ్చుతుంది. ఇది అలాంటిది కాదు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన కుర్చీలో మిగిలే వెచ్చదనం లాంటిది. ఆ పెద్ద గెలాక్సీ ఎప్పుడో ఒక చిన్న గెలాక్సీని మింగేసింది. మింగబడినదానికి ఇప్పుడు ఆకారం లేదు. దాని ధూళి మాత్రం ఇంకా లోపల తిరుగుతోంది.

రెండోసారి చూసేలోగా హీలియం అయిపోయింది. పారాచూట్ మీద మమ్మల్ని దించేశారు. ఒక పత్తి చేలో పడ్డాం. ఊరి జనం మమ్మల్ని బాంబనుకుని దూరంగా నిలబడ్డారు. ఒక ముసలాయన మాత్రం, ఎండకు పాడవుతుందేమోనని తన కండువా తెచ్చి కప్పాడు. అప్పటికే నా కిటికీ పొర చిరిగి పీలికలైంది.

ఆ వారం వర్క్‌షాపులో అందరూ నా చుట్టూ చేరారు. పెద్ద ప్రొఫెసరు శేషశయనం గారు గ్రాఫు చూసి నవ్వారు. "ధూళి గెలాక్సీలో ఉందా హైమవతీ, నీ కిటికీ మీద ఉందా?"

"తుడిచాను సార్. దీపం పెట్టి రెండుసార్లు చూశాను" అన్నాడు మస్తానయ్య.

"చూపించడానికి కిటికీ ఏదయ్యా?"

హైమవతి గ్రాఫు మడిచి పెట్టుకుంది. ఆమె ఉద్యోగం ఖాయమయ్యేదీ కానిదీ ఆ నెలలోనే తేలాలి. రిపోర్టులో ఒక వాక్యం రాసింది: కిటికీని సరిగా శుభ్రం చేయకపోవడం వల్ల ఈ సంకేతం వచ్చి ఉండవచ్చు.

మర్నాడు ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మస్తానయ్య వచ్చాడు.

"అమ్మా, మీరు నన్ను నమ్ముతున్నారా?"

"నమ్ముతున్నాను మస్తానయ్యగారూ. కానీ నిరూపించలేను."

"అయితే ఆ మాటే రాయాల్సింది కదమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. నన్ను పెట్టెలో పెట్టి, మూత బిగించి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతని చేతులు నన్ను తాకలేదు.

బీరువాలో పంతొమ్మిదేళ్ళున్నాను. మనుషులు చీకట్లో పెట్టిన వస్తువును మరిచిపోయామనుకుంటారు. హైమవతి నెలకోసారైనా ఆ బీరువా ముందు ఆగేది. తలుపు తీసేది కాదు.

ఒకనాడు తీసింది. పరాయి దేశపు ఉపగ్రహం ఒకటి అదే గెలాక్సీని చూసిందట. అదే చోట, నేను చెప్పినంతే ధూళి ఉందట. హైమవతి సవరణ వ్యాసం రాసి, అందులో మస్తానయ్య పేరు తన పేరుకు ముందు వేయించింది. ఆ కాగితాలతో పాటు నన్నూ తీసుకుని ఉప్పల్లో ఉన్న అతని ఇంటికి వెళ్ళింది.

అతను పోయి ఆరేళ్ళయిందని భార్య కోటమ్మ చెప్పింది. నన్ను అరచేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పే మనిషి కాదమ్మా. రిటైరయ్యాక మాత్రం చేతులు కడుక్కోవడం పట్టుకుంది. కొళాయి దగ్గర గంటలు గంటలు. చర్మం లేచిపోయేది. ఎందుకయ్యా అంటే, మురికి ఉండిపోయిందేమో కోటమ్మా, నాకు కనపడలేదేమో అనేవాడు."

హైమవతి చేతిలోని కాగితాలు కింద పెట్టింది. "ఆయన కిటికీ సరిగా తుడవలేదని రిపోర్టులో రాసింది నేనే. ఆయన తప్పేమీ లేదని తెలిసే రాశాను" అంది.

కోటమ్మ తిట్టలేదు, ఏడవలేదు. నన్ను తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "ఆయన ఉండగా రావాల్సిందమ్మా."

ఇప్పుడు నేను హైమవతి బల్ల మీద ఉంటున్నాను. వచ్చినవాళ్ళు వింతగా చూసి ఏమిటిదని అడుగుతారు. మస్తానయ్యగారు చేశారని చెబుతుంది. ఇంకా పనిచేస్తుందా అని కొందరు అడుగుతారు.

"అప్పుడూ సరిగ్గానే పనిచేసింది" అంటుంది.