అడ్డంచు

చిత్రిక పట్టి నేలపలకల అంచుల్ని ఏటవాలుగా చెక్కడంలో వడ్రంగికి వంక పెట్టినవాడు లేడు. ఇప్పుడు టీచరమ్మ పెట్టింది. తన ముందుగదిలో అతను వేసిన నేల చూపించి, "ఇదేంటండీ, నేలంతా సుద్దముక్కతో గళ్లు గీసినట్టుంది" అంది.

నిజమే. ఈ కాలపు పలకకి అసలు చెక్క పైన పల్చటి పొరే, కిందంతా అదిమిన పొట్టు. అంచు చెక్కితే పొర తెగి లోపలి తెలుపు పళ్లికిలిస్తుంది. దానిమీద పూసిన రంగు ఏడాది తిరక్కుండా కాళ్ల రాపిడికి పోయింది.

"పడకగదికీ ఇలాగే అయితే పలకలు పట్టుకుపొండి. వేరేవాళ్లని పిలుచుకుంటాను."

ఆవిడ కాదంటే ఆ వీధిలో ఇంకెవరూ పిలవరు. కొట్టు మూసుకోవాల్సిందే.

కొట్టులో కోడలు అంది: "చెక్కొద్దు మామయ్యా, వంచుదాం."

"చెక్కేమన్నా గుడ్డా, మడతపెట్టడానికి?"

కోడలు ఒక పలక ముందుకి లాక్కుంది. భార్య పోయాక వడ్రంగి ఎవరినీ మెచ్చుకోలేదు. మెచ్చుకోదగ్గ మనిషి పోయిందని అతని లెక్క.

కోడలు పైపొర జోలికి పోలేదు. పక్కనించి సన్నరంపం పెట్టి, పొర కింది పొట్టు గాడిగా తీసేసింది. గాడిలో బంక రాసింది. పొర మీద తడిగుడ్డ వేసి నాననిచ్చి, వేడి ఇనపపట్టీ ఏటవాలుగా ఆనించి, బిగింపు మర తిప్పింది. పొడుగంచు బుద్ధిగా వంగింది.

"అది ఎవడైనా వంచుతాడు. నార వెంబడే మడత కదా. పొట్టివైపు అడ్డంచు దగ్గర చూస్తాను. అక్కడ నార నడుం వంచాలి. టక్కుమంటుంది."

"అన్నాక తిడుదురుగాని. ఇప్పుడే అలిసిపోకండి."

అడ్డంచుకి గుడ్డ ఎక్కువసేపు ఉంచింది. ఆవిరి లేచింది. మర కొంచెం తిప్పి ఆగింది, మళ్లీ తిప్పింది. వడ్రంగి ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి కూర్చున్నాడు. రాలేదు.

ఇనుము చల్లారాక పలక విప్పి గుమ్మం వెలుగులో పెట్టింది. లేచిన పేళ్లు తీసేద్దామని వడ్రంగి అలవాటుగా చిత్రిక పుచ్చుకుని వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

చారలు పలక పొడుగునా పారుకుంటూ వచ్చి అంచు దగ్గర ఒక్కటీ ఆగలేదు. రాతి మీంచి నీళ్లు జారినట్టు వాలులోకి దిగిపోయాయి. అంచు మీదికొచ్చిన ఒక కణుపు సగం పైన, సగం కింద, చెక్కుచెదరకుండా కూర్చుంది. గోటితో గీశాడు. అతుకు తగల్లేదు. చెంప నేలకి ఆనించి వెలుగుకి ఎదురుగా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అంచంటే చెక్క తెగే చోటనే అతనికి తెలుసు. ఇక్కడ చెక్క తెగలేదు. ఊపిరి తగిలితే చెదిరిపోతుందేమోనన్నట్టు ఊపిరి బిగబట్టాడు.

చిత్రిక ఎక్కడ పెట్టాడో అతనికే తెలీదు.

కబురందుకుని టీచరమ్మ వచ్చింది. పలక మీద అరచెయ్యి నిమిరి, మళ్లీ నిమిరి, "గదంతా ఇలాగే చెయ్యండి" అని వెళ్లిపోయింది.

కోడలు ఇంకో పలక అందుకుంది.

"ఆగు," అన్నాడు వడ్రంగి. "మొదట్నించీ చెప్పు."

"చెప్తే కోప్పడతారు."

"కోప్పడతాను. చెప్పు."